సహాయం గారి చొక్కా జేబులో

నేను ఒక చెవి మిషనును. డాక్టర్లు వినికిడి యంత్రం అంటారు గానీ, నన్ను పెట్టుకున్నవాళ్ళెవరూ ఆ పేరుతో పిలవగా నేను వినలేదు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద ఒళ్ళు, అందులో ఒక పెన్సిల్ సెల్లు, పక్కన శబ్దం పెంచి తగ్గించే చిన్న చక్రం, పైనుంచి ఒక తీగ, తీగ చివర చెవిలో పెట్టుకునే బిరడా. ఇంతే నేను. చొక్కా జేబులో కూర్చుంటాను. లోకంలోని మాట ముందు నాకు వినబడి, ఆ తరువాతే యజమాని చెవికి చేరుతుంది. అందుచేత మనుషుల గురించి నాకు తెలిసినంత వాళ్ళ దిండ్లకు కూడా తెలియదేమో.

ఎక్కడో ఒక పెద్ద ఊళ్ళో, పొడుగాటి బల్లల ముందు వరసగా కూర్చున్న ఆడపిల్లలు నన్ను తయారుచేశారు. పనిచేస్తున్నానో లేదో చూద్దామని ఒకమ్మాయి నాలో సెల్లు వేసి, పక్కపిల్లతో తన పెళ్ళిచూపుల సంగతి చెబుతోంది. "నచ్చలేదని మొహం మీదే చెప్పేశాను" అంది. నేను పుట్టాక విన్న మొదటి మాట అదే. మనుషులు మనసులో మాట ఇంత సూటిగా చెప్పుకుంటారన్నమాట అనుకున్నాను. ఆ తరువాత అలాంటి మాట వినడానికి చాలా ఏళ్ళు పట్టింది.

నన్ను మొదట కొన్నది రాజమండ్రిలో ఒక ప్లీడరు గారి భార్య, దమయంతమ్మ గారు. కోడలు మాట్లాడితే నా చక్రం కిందికి తిప్పేది. పక్కింట్లో పోట్లాట మొదలైతే పైకి తిప్పేది. చెవుడులో కూడా ఇంత సుఖం ఉంటుందని ఆవిడ దగ్గరే తెలుసుకున్నాను. ఆవిడ పోయాక కొడుకు నన్నూ, ఆవిడ కళ్ళజోడునూ కలిపి, ఊరూరా ఉచిత శిబిరాలు పెట్టే ఒక చెవుల డాక్టరు గారికి ఇచ్చేశాడు. ఆయన సంచిలో మండపేట వచ్చాను. అక్కడ ఒక బడి వసారాలో దైవసహాయం గారి చెవిలో పడ్డాను.

సహాయం గారు బ్యాండు మేళంలో పెద్ద డ్రమ్ము వాయించేవారు. మీసాలు రాని రోజుల్లో డ్రమ్ము భుజాన తగిలించుకుంటే, మీసాలు నెరిసేదాకా దించలేదు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన డ్రమ్ము మోగకుండా పెళ్ళికొడుకు కదిలేవాడు కాదట. ఇంతమంది పెళ్ళిళ్ళకు ఆయన చెల్లించిన కట్నం ఆయన చెవులు. శిబిరానికి కూడా ఆయనంతట ఆయన రాలేదు, భార్య సరోజినమ్మ లాక్కొచ్చింది. డాక్టరు గారు నన్ను అమర్చగానే ఆవిడ ముందుకు వంగి, "నా మాట వినబడుతుందా?" అని అడిగింది.

"నీ మాటకి మిషనెందుకే, తాపేశ్వరం దాకా వినబడుద్ది" అన్నారాయన. వరసలో ఉన్న చెవిటివాళ్ళంతా, ఏమన్నారో తెలియకపోయినా, నవ్వారు.

సరోజినమ్మ గొంతు పెద్దది. ఆ ఇంట్లో నాకు శ్రమ తక్కువ. చక్రం సగం తిప్పితే చాలు, కూరలవాడితో బేరమూ, ఆదివారం ప్రార్థన గుడిలో పాటా, రావులపాలెంలో ఉన్న కూతురు ప్రిస్కిల్లాతో ఫోనులో కబుర్లూ అన్నీ ఆయనకు చక్కగా అందేవి. ఒక వానాకాలం ఆవిడకు కామెర్లు వచ్చాయి. కాకినాడ ఆసుపత్రిలో ఉండగా ఆ పెద్ద గొంతు రోజురోజుకూ సన్నబడింది. ఆయన రోజురోజుకూ నా చక్రం పైకి తిప్పుకుంటూ పోయారు. చివరికి తిప్పడానికి చక్రం మిగల్లేదు, వినడానికి మాటా మిగల్లేదు.

సమాధి కార్యక్రమం అయ్యి చుట్టాలందరూ వెళ్ళిపోయాక, ఆయన ఖాళీ ఇంట్లో నన్ను పెట్టుకుని కూర్చున్నారు. నాకొక లోపం ఉంది. వినడానికేమీ లేనప్పుడు నేను ఊరుకోను, సన్నగా హోరు పెడతాను. ఆ హోరులో ఆ ఇల్లు మరింత ఖాళీగా వినిపించింది కాబోలు, ఆయన బిరడా తీసేసి, తీగ చుట్టి, గుండీలూ సూదులూ ఉండే బిస్కెట్ డబ్బాలో నన్ను పడేశారు. కూతురు వచ్చినప్పుడల్లా మిషను పెట్టుకోమని భుజం తట్టి బతిమాలేదట. ఆయన తలూపి ఊరుకునేవారట.

డబ్బాలో ఎంతకాలం ఉన్నానో తెలియదు. నన్ను బయటికి తీయించింది ఒక కుక్కరు.

పక్క వాటాలోకి సుభాషిణమ్మ అనే ఆవిడ అద్దెకు వచ్చింది. ప్రభుత్వాసుపత్రిలో కాన్పుల వార్డులో ఆయాగా చేసి రిటైరయింది. లారీ మెకానిక్కు అయిన భర్త చిన్న వయసులోనే పోయాడు, పిల్లలు లేరు. పసిపిల్లలు లేస్తారని బతుకంతా గుసగుసగా మాట్లాడి మాట్లాడి, ఆవిడ గొంతు అలాగే ఉండిపోయింది. వచ్చిన వారంలోనే ఆవిడకు ఒక సంగతి తెలిసింది. పక్కింట్లో కుక్కరు కూతలు మొదలుపెడితే ఆపే నాథుడు లేడు. ఒకరోజు మాడు వాసన కూడా వచ్చేసరికి, తోసుకుని లోపలికి వెళ్ళి పొయ్యి ఆపింది. సహాయం గారు హాల్లో పేపరు చదువుకుంటూ ఉన్నారు. తన వంటింట్లోంచి ఎవరో ఆడమనిషి బయటికి రావడం చూసి నోరు తెరిచారు. ఆవిడ తన చెవి చూపించి, ఆయన చెవి చూపించి, మాడిన గిన్నె చూపించింది. ఆయన సిగ్గుపడి డబ్బా మూత తీశారు.

బిరడా చెవిలో పడగానే ఆవిడ అన్న మాట నాకు బాగా గుర్తు.

"మిషనైనా పెట్టుకోండి, వంటైనా మానేయండి. మిషను లేకుండా వంట మాత్రం కుదరదండి."

ఆ మాట కూడా ఎంత మెల్లగా అందంటే, ఆయన నా చక్రం చివరిదాకా తిప్పితే గానీ అందలేదు.

ఆ తరువాత రోజూ సాయంత్రం రెండు వాటాలకూ ఉమ్మడిగా ఉన్న అరుగు మీద ఇద్దరూ కూర్చునేవారు. ఆవిడ చిక్కుడుకాయలు వలుస్తూ వార్డు కబుర్లు చెప్పేది. మగపిల్లాడే పుడతాడని మిఠాయి పొట్లంతో వచ్చి, ఆడపిల్ల అని తెలిసి పొట్లంతోనే వెళ్ళిపోయి, మర్నాడు సిగ్గుపడుతూ అదే పొట్లం మళ్ళీ తెచ్చిన తండ్రి కథ చెబితే ఆయన చాలాసేపు నవ్వారు. ఆయన పెళ్ళి ఊరేగింపుల కథలు చెప్పేవారు. సరోజినమ్మ ప్రస్తావనా వచ్చేది, లారీ మెకానిక్కు ప్రస్తావనా వచ్చేది. ఎవరూ నొచ్చుకునేవారు కాదు. ప్రేమలో పడ్డ మగవాళ్ళు ఇస్త్రీ చొక్కాలు వేసుకుంటారని విన్నాను. ఈయన సాయంత్రమయ్యేసరికి నాలో కొత్త సెల్లు వేసేవారు.

ఒకనాడు ఆయన అరుగు మీద చిక్కుడుకాయలు వలవడంలో ఆవిడకు సాయం చేస్తూ, గుడి పాస్టరు అయ్యగారితో మన సంగతి మాట్లాడమంటారా అని అడిగారు. జేబులో ఉన్న నాకు మాట కన్నా వెనకాల గుండె చప్పుడే ఎక్కువ వినిపించింది. ఆవిడ చిక్కుడుకాయలు పక్కన పెట్టి, ముందు మీ అమ్మాయిని అడగండి, ఆ పిల్ల కాదంటే నేను కాదన్నట్టే అంది.

ప్రిస్కిల్లా, భర్త అబ్రహాము ఆదివారం వచ్చారు. సహాయం గారు భోజనాల దగ్గర విషయం చెప్పారు. కూతురు ఆయన కంచంలో ఇంకో గరిటె కూర వేసింది. భోజనమయ్యాక ఆయన అలవాటు ప్రకారం నడుం వాల్చారు. మిషను ఇంకా గుండీల డబ్బాలోనే ఉందని కూతురు అనుకుంటోంది. ఆయన భుజం మీది తువ్వాలు కింద నా తీగ ఆ పిల్లకు కనబడలేదు, పడుకునేటప్పుడు నన్ను తీయడం ఆయన మరిచిపోయారు. ముందుగదిలో కూతురు ఏడవడం మొదలుపెట్టింది. అమ్మ పోయి ఎన్నాళ్ళయిందని, అమ్మ వండిన పొయ్యి మీద ఇంకో మనిషి ఎలా వండుతుందని, నాన్న అమ్మని అంత తేలిగ్గా ఎలా మరిచిపోయాడని భర్తతో అంది. అబ్రహాము సర్దిచెప్పబోతే, "నువ్వూరుకో, పోయింది మీ అమ్మ కాదు" అంది.

దాచుకునే వీల్లేదు నాకు. విన్నది విన్నట్టు ఆయనకు చేరవేశాను. ఆయన కళ్ళు మూసుకునే చెయ్యి పైకి తెచ్చి బిరడా తీసేశారు. సాయంత్రం నేను మళ్ళీ గుండీల డబ్బాలో ఉన్నాను.

తరువాత జరిగింది నేను విన్నది కాదు. సుభాషిణమ్మే నవ్వుతూ చెప్పగా ఎన్నోసార్లు విన్నాను. ఆయన వంట మానేసి హోటల్లో తినడం మొదలుపెట్టారట. అరుగు మీదికి రావడం లేదట. ఆవిడ కొన్నాళ్ళు చూసి, ఒక పొద్దున్న తిన్నగా ఇంట్లోకి వెళ్ళి, మీ అమ్మాయి కాదంటే ఆ మాట నాతో చెప్పొచ్చు కదండీ, పోనీ నన్ను ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోమంటారా అని అడిగిందట. చెవిటివాళ్ళకు ఒక అలవాటు ఉంటుంది. వినబడని మాటకల్లా తలూపుతారు. ఆయన తలూపారు.

ఆవిడ గుమ్మం దాకా వెళ్ళిపోయింది. అక్కడ ఒకసారి వెనక్కి తిరిగి చూస్తే బోసి చెవి కనిపించింది. వెనక్కి వచ్చి, డబ్బా వెతికి తీసి, తన చేత్తోనే ఆయన చెవిలో బిరడా పెట్టి, చక్రం చివరిదాకా తిప్పింది. ఇక్కడినుంచి నేనే చెప్పగలను.

"ఇప్పుడు చెప్పండి. నన్ను వెళ్ళిపోమన్నారా?"

ఆయన కంగారుగా రెండు చేతులూ అడ్డంగా ఊపారు. "మా అమ్మాయి ఏడ్చిందండి" అన్నారు.

"ఏడవదా? అమ్మని పోగొట్టుకున్న పిల్లండి. దాని ఏడుపు తీరేదాకా ఆగుదాం, నాకేం తొందర లేదు. కానీ ఆగుదామని నాతో చెప్పి ఆగండి. మిషను తీసేసి దాక్కోకండి."

ఆయన మళ్ళీ తలూపారు. ఈసారి విని ఊపారు.

ఆగారు. ఆ ఏడు మామిడికాయలు వచ్చి వెళ్ళాయి, కాలవలకు నీళ్ళు వదిలారు, కోతలు కూడా అయ్యాయి. ఆవిడ వంట ఆవిడది, ఆయన వంట ఆయనది. సాయంత్రాలు మాత్రం అరుగు మీద ఇద్దరివీ. ఒక మధ్యాహ్నం ప్రిస్కిల్లా చెప్పకుండా వచ్చింది. ఆయన పెరట్లో వీపు ఇటు తిప్పుకుని బట్టలు ఆరేస్తున్నారు. సరోజినమ్మ పోయినప్పటినుంచి ఆ పిల్ల తండ్రిని పిలవడం మానేసింది, దగ్గరికెళ్ళి భుజం తట్టడమే. ఆ రోజు ఏదో పరధ్యానంలో గుమ్మంలోంచే మామూలుగా "నాన్నా" అంది.

ఆయన వెనక్కి తిరిగి, "ఏమ్మా, ఎప్పుడొచ్చావు?" అన్నారు.

ప్రిస్కిల్లా అక్కడే నిలబడిపోయింది. తడి బట్టలు బకెట్లో వేసి ఆయనే దగ్గరికి వచ్చారు. జేబులోంచి పైకి పోతున్న తీగను ఆ పిల్ల వేలితో ముట్టుకుంది.

"నేను ఎన్నిసార్లు చెప్పినా పెట్టుకోలేదు. ఇప్పుడెందుకు పెట్టుకున్నావు నాన్నా?"

"మాట్లాడే మనిషుందమ్మా" అన్నారాయన.

కూతురు బకెట్లో మిగిలిన బట్టలు ఆరేసింది. తరువాత తనే పక్క వాటాకి వెళ్ళి సుభాషిణమ్మ ఎదురుగా కూర్చుని, అమ్మ ఫోటో హాల్లోంచి తీయకూడదు అంది. అంతకన్నా పెద్ద షరతు ఏదీ ఆ పిల్లకు తోచినట్టు లేదు. ఆ ఫోటో తుడుస్తున్నది ఇప్పుడు కూడా నేనేనమ్మా, మీ నాన్నగారు స్టూలు ఎక్కలేకపోతున్నారు అని జవాబిచ్చింది సుభాషిణమ్మ. ప్రిస్కిల్లాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

పెళ్ళి గుడిలో పెట్టుకున్నారు. ఈ వయసులో మేళమేంటని సహాయం గారు ఎవరికీ చెప్పలేదు. కానీ గుడి దగ్గరికి వెళ్ళేసరికి పాత జట్టంతా ఎర్ర కోట్లు తొడుక్కుని గేటు ముందు నిలబడి ఉంది. క్లారినెట్టు వాయించే పరంజ్యోతి పెద్ద డ్రమ్ము తెచ్చి ఆయన మెడలో తగిలించాడు. పెళ్ళికొడుకు తన పెళ్ళికి తనే డ్రమ్ము వాయించుకోవడం ఆ వీధి అంతకుముందు చూడలేదు. ఆయన ఆపమన్నా ఆపకుండా వాయించారు. డ్రమ్ముకూ గుండెకూ మధ్య జేబులో ఉన్న నా గతి మీరే ఊహించుకోండి. నాలుగు దరువులకే నా తీగ తెగింది.

ఆయన గమనించలేదు. చెమట తుడుచుకుని, గుడిలోకి వెళ్ళి నిలబడ్డారు. ఈ స్త్రీని నీ భార్యగా స్వీకరించడానికి ఒప్పుకుంటావా అని అయ్యగారు అడిగారు. మాట నాదాకా వచ్చింది. నా దగ్గరే ఆగిపోయింది. ఆయన అయ్యగారి వెనక ఉన్న కిటికీ కేసి ప్రశాంతంగా చూస్తున్నారు. అయ్యగారు మళ్ళీ అడిగారు. వెనక బల్లల్లో గుసగుసలు మొదలయ్యాయి. మనసు మారిందేమో అన్నారెవరో. సుభాషిణమ్మ ఆయన వైపు తిరిగి ఏదో అంది గానీ ఆ గొంతు ఎక్కడికి అందుతుంది!

అప్పుడు ముందు వరసలోంచి ప్రిస్కిల్లా లేచింది. వెళ్ళి తండ్రి భుజం మీద చెయ్యి వేసి, మునివేళ్ళ మీద లేచి, ఆయన చెవిలో అరిచింది.

"నాన్నా, ఈవిడని చేసుకుంటావా అని అడుగుతున్నారు. అవునని చెప్పు."

ఆయన కూతురి మొహంలోకి చూశారు. తరువాత, చెవిటివాళ్ళకు తమ గొంతు ఎంతో తెలియదు కదా, వీధి చివర బొండాల బండి దగ్గరున్నవాళ్ళకు కూడా వినబడేలా "ఒప్పుకున్నాను" అన్నారు.

నేను పుట్టింది మనిషికి మాట అందించడానికి. అందించవలసిన అతి ముఖ్యమైన మాటను అందించలేకపోయాను. అయినా ఆ పూట నేను పాడవడమే మంచిదయిందని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ తరువాత కూతురూ అల్లుడూ ఆయనకు చెవి వెనకాల దాక్కునే చిన్న మిషను కొనిపెట్టారు. నాకు కొత్త తీగ వేయించారు. సుభాషిణమ్మకు కూడా వయసు మీద పడి వినికిడి మందగించింది. ఇప్పుడు నేను ఆవిడ భుజాన, చీరకు పిన్నీసుతో తగిలించిన చిన్న సంచిలో ఉంటున్నాను. ఇన్నేళ్ళూ సహాయం గారి మాటను ఆయన ఛాతీ దగ్గరుండి విన్నాను. ఎదుటినుంచి వింటే ఆ గొంతు ఇంత మెత్తగా ఉంటుందని ఇక్కడికి వచ్చాకే తెలిసింది.

సాయంత్రం అరుగు మీద ఆయన వంగి ఆవిడతో ఏదో అంటారు. నేను ఒక్క అక్షరం కూడా పొల్లుపోకుండా ఆవిడకు అందిస్తాను. ఆవిడ మాత్రం "ఏమన్నారు? వినబళ్ళేదు" అంటుంది. నా పనితనం మీద అది ఎంత పెద్ద అపవాదో ఆవిడకు పట్టదు. ఆయన నమ్మి, ఇంకాస్త దగ్గరికి జరిగి, అదే మాట మళ్ళీ చెబుతారు.