పట్టుపోగుల గూడు

ఆ పిట్ట మొదటిసారి వచ్చినప్పుడు నీలావతి పెరట్లో గిన్నెలు తోముతోంది. రెండువేల మూడు, ఫిబ్రవరి నెల. రేకుల వసారా కింద వేలాడే కేబుల్ టీవీ వైరును పట్టుకుని, గుప్పిట్లో దాగేంత పిట్ట కిందా మీదా చూసుకుంటోంది. పసుపు పొట్ట, వంపు తిరిగిన ముక్కు. తేనెపిట్ట. ముదిగుబ్బ దగ్గర వాళ్ళ ఊళ్ళో, నాయన గొర్రెలు తోలుకుపోయే గుట్ట మీద, ముళ్ళకంపల్లో ఇట్లాంటి గూళ్ళు ఎన్నో చూసింది. ధర్మవరంలో, సందు పొడుగునా మగ్గాలు దడదడలాడే చోట దీనికేం పని అనుకుంది.

తనకేం పని అన్నది కూడా ఆమెకు సరిగా తెలియదు. పదో తరగతి అయ్యాక ఇంటర్ చదవడానికి మేనమామ నాగభూషణం ఇంటికి వచ్చి ఎనిమిది నెలలైంది. పొద్దున కాలేజీ, సాయంత్రం మామ మగ్గానికి పట్టుపోగు కండెలకు చుట్టడం. కాలేజీలో ఎవరైనా పేరడిగితే, ఆమె గొంతు సవరించుకునేలోపు వాళ్ళు వేరే మాటలో పడిపోయేవాళ్ళు. ఇంట్లో మామ మగ్గం గుంతలోకి దిగాడంటే తల ఎత్తడు. "కండె" అని చెయ్యి చాపుతాడు. ఆమె అందిస్తుంది. ఎనిమిది నెలల్లో వాళ్ళిద్దరి మధ్యా నడిచిన మాట ఇంచుమించు అదొక్కటే. ఏమైనా కావాలంటే ఆమె అత్త లక్ష్మీదేవమ్మతో చెప్పేది, అత్త మామతో చెప్పేది.

పిట్ట వచ్చాక ఆమెకు చూసుకోవడానికి ఒకటి దొరికింది.

ఆడపిట్ట ఒక్కటే గూడు కట్టేది. నల్లగా నిగనిగలాడే మగపిట్ట గోడ మీద కూర్చుని కూతలు పెట్టేది. "మగోళ్ళ తీరు చూడు," అంది అత్త చీపురు పట్టుకుని పోతూ. "ఆమె మోస్తాంటే ఈయప్ప పాటలు పాడుకుంటాండాడు."

సిమెంటు సంచి పీచు, చిరిగిన బస్సు టికెట్టు ముక్క, ఎండిన గడ్డిపోచ, దొరికిందల్లా తెచ్చింది పిట్ట. అయితే అవన్నీ వైరుకు అంటుకుని నిలవాలంటే సాలెగూడు కావాలి. ఊళ్ళో కంపల నిండా సాలెగూళ్ళే. ఇక్కడ అత్త ప్రతి శుక్రవారం మూలమూలా దులిపేస్తుంది. పిట్ట మీటరు పెట్టె వెనకా తలుపు సందునా వెతికి వెతికి, ఉత్త ముక్కుతో వెళ్ళిపోయేది. కట్టినదంతా రెండుసార్లు జారి కింద పడింది.

నీలావతి చూడలేకపోయింది. మగ్గం కింద రాలిన పట్టుపోగులు ఏరి కిటికీ చువ్వకు చుట్టింది. పిట్ట ఒక పూటంతా దూరం నుంచే చూసింది. తర్వాత వచ్చి లాక్కెళ్ళింది. వారం తిరిగేసరికి ఎరుపూ ఆకుపచ్చా కలిసిన గూడు వైరు నుంచి జడకుచ్చులా వేలాడింది. 'ఈ ఊళ్ళో నేను చేసిన పని ఒకటి నిలబడింది' అని ఆమె డైరీలో రాసుకుంది.

రెండు గుడ్లు, రెండు పిల్లలు. పరీక్షల సెలవుల్లో ఆమె పుస్తకం పట్టుకుని వసారాలోనే కూర్చునేది. "పుస్తకం కన్నా దాన్నే ఎక్కువ చదువుతాండావు," అనేది అత్త. "పిట్టల పరీచ్చ కూడా పెడతాండారా ఏమి?"

పిల్లలు ఎగిరే పొద్దున అత్త హిందూపురంలో పెళ్ళికి పోయింది. పెద్దపిల్ల గూటి వాకిట్లో కాసేపు ఊగి, ఎగిరి గోడ మీద పడింది. వెనకే రెండోది దూకింది. దూకి, గూటికి జానెడు కింద తలకిందులుగా వేలాడింది. కాలికి ఎర్ర పోగు చుట్టుకుని ఉంది. కొట్టుకునేకొద్దీ బిగుస్తోంది. తల్లిపిట్ట దాని చుట్టూ తిరుగుతూ అరుస్తోంది.

నీలావతి స్టూలు ఎక్కింది. ముట్టుకోగానే పిల్ల మరింత గింజుకుంది. లాగితే కాలు ఊడి వస్తుందేమో. సాలెగూడైతే ఈపాటికి తెగి ఉండేది. ఇది పట్టు. తనే చుట్టి పెట్టింది.

ఇంట్లో మామ ఒక్కడే ఉన్నాడు.

మగ్గం పక్కన నిలబడింది. పడుగు పోగుల మధ్య నాడె అటు పోయి ఇటు వస్తోంది. మామ తల ఎత్తకుండా చెయ్యి చాపాడు. "కండె." ఆమె చెయ్యి అలవాటుగా బుట్టలోకి పోయి అక్కడే ఆగింది.

"మామా."

నాడె ఆగింది.

"పిట్టపిల్ల కాలికి పోగు చుట్టుకునింది. చచ్చిపోతాది. నువ్వు రా."

నాగభూషణం ఆమె వైపు చూశాడు. "నీకు ఇంత గొంతుండాదా పాపా," అన్నాడు. మోకాళ్ళు పట్టుకుని గుంతలోంచి పైకి వచ్చాడు.

"కత్తెర తెమ్మంటావా?" అంది.

"వద్దు. పోగు కండలోకి దిగుండాది. కత్తెర పెడితే కాలు పోతాది."

వసారాలో స్టూలెక్కి పిల్లను ఎడమ చేతిలో పట్టుకుని, పోగుకు ఉమ్మితడి రాశాడు. చిక్కుపడిన పడుగును విప్పేటప్పుడు చేసినట్టే, ముందు కొన కోసం వెతికాడు. "పక్కకు జరుగు, వెలుతురుకు అడ్డం వస్తాండావు." కొన దొరికాక ఒక్కొక్క మెలి వెనక్కి తిప్పాడు. చాలాసేపటికి పోగు ఊడి వచ్చింది. ఎండకు పెట్టి చూశాడు.

"ఇది మన చీర అంచు రంగు. ఈడికెట్లా వచ్చె?"

"నేనే పెట్టినా. అత్త సాలెగూళ్ళు దులిపేస్తాది. దానికి కట్టుకునేదానికి ఏమీ లేదు."

తిడతాడని తల వంచుకుంది.

"ఊర్లో గూళ్ళు ఎన్నాళ్ళుంటాయి?" అన్నాడు.

"గాలివాన వస్తే పడిపోతాయి."

"దానికి అట్లాంటిదే సరిపోతాది. మన పోగు చీరకే." పిల్లను గూట్లో పెట్టాడు. దాని వేళ్ళు నల్లబడి ముడుచుకుపోయి ఉన్నాయి. "కాలు సంగతి చెప్పలేను. తల్లి వస్తే బతుకుతాది."

మామ వెళ్ళాక ఆమె కత్తెర తెచ్చి, గూటికి వేలాడే పోగులన్నీ కత్తిరించింది. తలుపు చాటున నిలబడింది. గంట గడిచాక తల్లి పురుగు పట్టుకుని వచ్చింది.

మూడోనాడు పిల్ల మళ్ళీ గూటి వాకిట్లోకి వచ్చింది. ఒక కాలితో పట్టుకుని జారి, నీళ్ళ గోలెం పక్కన పడింది. లేచింది. మళ్ళీ పడింది. నీలావతి కదల్లేదు. ఈసారి గోడ దాకా వెళ్ళి, పొట్ట ఆనించుకుని కూర్చుంది. అవతలి నుంచి తల్లి పిలుస్తోంది. పిల్ల ఎగిరి పక్కింటి నీళ్ళ ట్యాంకు దాటిపోయింది.

ఆమె లోపలికి వచ్చింది.

"పోయింది మామా."

"కాలు నిలిచిందా?"

"లేదు. ఒక కాలితోనే పోయింది."

"తల్లి?"

"అదీ పోయింది. అన్నీ పోయినాయి."

"ఇంగ రావు గదా."

"రావు."

మామ నాడెను చేతిలో తిప్పి, నేత అందుకున్నాడు. ఆమె రాట్నం దగ్గర కూర్చుంది. ఆ పగలంతా మగ్గం ఆగినప్పుడల్లా ఆమె చెవులు పెరటి వైపు పోయాయి. పెరట్లో ఏ చప్పుడూ లేదు.