కింది కన్ను

నేను ఒక రెండు కళ్ళ కెమెరాను. కళ్ళు మనుషులకున్నట్టు పక్కపక్కన కాదు, ఒకదాని కింద ఒకటి. పై కన్ను చూస్తుంది, కింది కన్ను పట్టుకుంటుంది. పైది చూసింది కిందిదానికి దక్కుతుందో లేదోనని పుట్టినప్పటి నుంచీ నాకు బెంగే.

యుద్ధం ముగిసిన కొన్నేళ్ళకు జపానులో ఒక కర్మాగారంలో పుట్టాను. లోహం పోతపోసి ఒళ్ళు చేశారు, పైన నల్లటి తోలు అతికించారు. సన్నటి వేళ్ళున్న ఒకావిడ నా పొట్టలో ఒక అద్దాన్ని ఏటవాలుగా బిగించింది. పై కంట్లోంచి వచ్చిన వెలుగు ఆ అద్దానికి తగిలి, నా నెత్తిమీది గరుకు గాజు మీద బొమ్మై నిలబడుతుంది. ఆ గాజు చుట్టూ నాలుగు రేకు గోడలు. మీట నొక్కితే లేచి నిలబడతాయి, మూస్తే ముడుచుకుంటాయి. పక్కనున్న గుండ్రటి పిడి తిప్పితే కళ్ళు రెండూ కలిసే ముందుకీ వెనక్కీ కదులుతాయి. కుడివైపు మర తిప్పితే ఫిల్ము ఒక్కో గడే జరుగుతుంది. నేను తీసే బొమ్మ నలుచదరం, చుట్టకు పన్నెండు.

నన్ను కంటికి ఆనించుకోరు. కడుపు దగ్గర పట్టుకుని తల వంచి చూడాలి. ఎంతటి మొనగాడైనా నా ముందు తల వంచాల్సిందే! ఒక్క చిక్కుంది. నా గాజులో కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. కొత్తలో నన్ను పట్టుకున్నవాళ్ళు, ఎదుటివాళ్ళని ఇటు జరగమనబోయి అటు జరగమనేవాళ్ళు.

నా మొదటి యజమాని ఓడలో వంట చేసే కాకినాడ మనిషి. కోబే రేవులో నన్ను కొన్నాడు. రెండు కళ్ళనీ కప్పే నా జంట మూతను వారం తిరక్కుండా సముద్రంలో పారేసుకున్నాడు. అన్నీ నీళ్ళ బొమ్మలే తీశాడు. ఇంటికెళ్ళి చూపిస్తే వాళ్ళావిడ, "ఈ నీళ్ళు చూడ్డానికి పెట్టెందుకండీ, వానాకాలం మన వాకిట్లో లేవా?" అంది. దాంతో ఆయన మనసు విరిగి, నన్ను తునిలో స్టూడియో నడిపే గవరయ్యకు ఇచ్చేశాడు.

గవరయ్య ఓపికున్న మనిషి. రెండు డబ్బీ మూతలకు నల్లరంగు వేసి, లోపల ముఖమల్ గుడ్డ అతికించి, నా కళ్ళకు చెరొకటి తొడిగాడు. ఎండాకాలం వస్తే ఆ స్టూడియో మల్లెపూల వాసనతో నిండిపోయేది. పిల్లలకు పూలజడలు వేసి తీసుకొచ్చేవాళ్ళు. కుర్చీ వెనక నిలువుటద్దం పెట్టి, ముందు ముఖమూ అద్దంలో జడా ఒకే బొమ్మలో పడేట్టు తీయడం అక్కడి పద్ధతి.

అలా వచ్చింది అచ్చియ్యమ్మ, కూతురు మాణిక్యాన్ని వెంటబెట్టుకుని. తొమ్మిదేళ్ళ పిల్ల. అంతవరకూ ఒక్క ఫోటో లేదు, దిష్టి తగులుతుందని తల్లి తీయించలేదు. ఇప్పుడు పిల్లకి కుడి చెవి వెనక ఎముక చెడిపోయింది. చీము లోపలికి పాకకముందే కోయాలన్నారు విశాఖపట్నం పెద్దాసుపత్రిలో. తల గొరుగుతామన్నారు. మర్నాడు మధ్యాహ్నం రైలు. జుట్టుండగా పిల్ల రూపం ఒకటి తన దగ్గరుండాలని అచ్చియ్యమ్మ పట్టు. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగితే ఆవిడ నోటితో చెప్పగలిగేది కాదు.

అరటి పట్టకు మొగ్గలు గుచ్చి కుట్టిన పూలజడ పిల్ల నడుం దాటింది. గవరయ్య నా మూతలు తీసి బల్లమీద పెట్టి, కిటికీ తెర సర్దడానికి వెళ్ళాడు. అచ్చియ్యమ్మ నన్ను తేరిపార చూసింది.

"ఏటన్నయ్యగారూ, దీనికి రెండు కళ్ళేటి?"

"పైదాంతో నేను చూస్తానమ్మా," అన్నాడు గవరయ్య అటు తిరిగే.

మిగతాది చెప్పలేదు. పిల్లని చూడ్డానికి ఒక కన్ను చాలదా, ఇంకొకటి మిడిగుడ్లేసుకుని చూడడమెందుకు అనుకుందో ఏమో, గబుక్కున బల్లమీంచి మూత తీసి నా కింది కంటికి తొడిగేసింది. నల్లటి ఒంటిమీద నల్లటి మూత. గవరయ్య వచ్చి తల వంచి పైనుంచి చూశాడు. గాజులో పిల్ల చక్కగా ఉంది, అద్దంలో జడ చక్కగా ఉంది. నాకు తగిలించిన తీగ చివరి మీట నొక్కాడు. మూడుసార్లు నొక్కాడు. మూడుసార్లూ నేను చీకట్నే పట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్నే తల్లీకూతుళ్ళు ఫోటో కోసం వచ్చేసరికి గవరయ్య గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"చెల్లెమ్మా, ఏమీ పడలేదు. ఫిల్ము కడిగాకే చూశాను, కింది మూత పెట్టే ఉంది. తీసినట్టే గుర్తు నాకు."

"నేనే పెట్టాను," అంది అచ్చియ్యమ్మ. "కాగితం మీదేస్తే ఎలా వస్తాది?"

"నల్లగా వస్తుంది."

ఆవిడ గోడకి జారగిలబడి కూర్చుండిపోయింది. "నా పిల్ల ఉండాల్సిన చోట నలుపు. నా చేత్తో నేనే మూసేశాను."

నాకు తెలుసు ఆ భయం. మూత పడిన కంటికి లోకమంతా పోయినట్టే ఉంటుంది. గవరయ్య ఏదో ఓదార్చబోయాడు. అంతలో ఆవిడే లేచి, కొంగు బిగించి దోపుకుంది.

"మళ్ళీ తీయండి."

"పూలజడ విప్పేశారు కదమ్మా. మళ్ళీ కుట్టేసరికి రైలెళ్ళిపోద్ది."

"పూలు వచ్చే ఏడూ పూస్తాయి. నాక్కావల్సింది జుట్టు."

పిల్లని కుర్చీలో కూర్చోబెట్టి మామూలు జడ కూడా విప్పేసింది. వేళ్ళతోనే చిక్కు తీసి వీపంతా పరిచింది. నేను ఎన్నో పూలజడలు చూశాను గానీ, అంత అందం వాటిలో దేనికీ లేదు. తర్వాత నా మూతలు రెండూ గుప్పిట్లో బిగించి పట్టుకుని, నా పక్కనే కాపలా నిలబడింది.

"కింది కన్నెందుకో ఇప్పుడు చెప్పండి."

"మనిషిని దాచేది అదేనమ్మా. పైది చూసి మర్చిపోతుంది."

"నన్నూ చూడనీయండోసారి."

గవరయ్య పక్కకి జరిగాడు. ఆవిడ తల వంచింది. చూసి, ఉలిక్కిపడింది.

"చెడ్డ చెవి కుడిది! ఇందులో ఎడం చెవైపోయిందేటి?"

"గాజులో అలాగే కనబడుతుంది. ఫోటోలో సరిగ్గానే వస్తుంది."

"ఆసుపత్రోళ్ళు కూడా ఇలాంటి గాజుల్లోంచే చూస్తారేమో! మంచి చెవి కోసేస్తే?"

"అమ్మా!" అని మాణిక్యం నెత్తి కొట్టుకుంది. "డాక్టరుగారు కళ్ళతోనే చూశారే."

"నీకు తెలీదు, ఊరుకో." కాటుక అడిగి తెప్పించి, పిల్ల కుడి చెవి కింద వేలెడు గీత గీసింది. అప్పుడుగానీ గవరయ్యను మీట నొక్కనివ్వలేదు. నా కింది కన్ను తెరుచుకుని, ఆ పిల్లనీ ఆ జుట్టునీ ఆ కాటుక గీతనీ పట్టుకుని మూసుకుంది. గవరయ్య అప్పటికప్పుడే కడిగి, ఆరీ ఆరని కాగితం ఆవిడ చేతిలో పెట్టాడు. దాన్ని ఊదుకుంటూ రైలుకి పరిగెత్తారు.

ఆ తర్వాత రోజులు నాకెలా గడిచాయో చెప్పలేను. తలుపు చప్పుడైతే చాలు, ఏ కబురో అని అదురు. గవరయ్య కూడా అంతే. ఎవరైనా విశాఖపట్నం నుంచి వచ్చామంటే, పిల్ల సంగతి అడగబోయి, ఎండల గురించి అడిగి ఊరుకునేవాడు.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున తలుపు తోసుకుని వచ్చారు ఇద్దరూ. మాణిక్యం తలకి తువ్వాలు చుట్టి ఉంది. చిక్కిపోయింది గానీ కళ్ళలో పొగరు తగ్గలేదు. గవరయ్య కుర్చీ తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిందే తుడిచాడు.

అచ్చియ్యమ్మ పిల్ల తల మీది తువ్వాలు తనే లాగేసింది. ఎవరి కళ్ళూ పడకూడదని తొమ్మిదేళ్ళు కొంగుచాటున దాచుకున్న మనిషి! గుండు మీద అప్పుడే నూగు మొలుస్తోంది. కుడి చెవి వెనక, వంకర తిరిగిన ఎర్రటి కుట్టు.

"ఇటు చూడు మాణిక్యం," అన్నాడు గవరయ్య తల వంచి.

"చూడొద్దు," అంది తల్లి, పిల్ల ముఖాన్ని గోడవైపు తిప్పుతూ. "ఆ కుట్టు పడాలి అన్నయ్యగారూ. దగ్గరగా తీయండి. రాత్రిళ్ళు భయమేసినప్పుడల్లా దీపం పెట్టి దీన్ని లేపి చూస్తన్నాను, మానిందా లేదా అని. పాపం, దీనికి నిద్దర లేదు. ఫోటో ఉంటే అదే చూసుకుంటాను."

"మరి నా మొహం ఎవరికీ అక్కర్లేదా?" అంది మాణిక్యం గోడతో.

"నీ మొహం రోజూ చూస్తానే!"

పిల్లకి జబ్బు చేశాక, రోజూ అన్న మాట పైకి అనడం ఆవిడకి అదే మొదలు. గవరయ్య మీట నొక్కాడు. నేను పట్టుకున్నాను.