జున్నుకి పెట్టిన ముద్దలు

క్రిస్మస్ పొద్దున మా జున్ను నేలకి జానెడు ఎత్తున నిలబడి ఉంది.

జున్ను మా కుక్క. ముసలిది. మూతి నెరిసింది, వెనక కాలొకటి ఈడుస్తుంది. రోజూ నేను తలుపు తీయగానే వచ్చి నా పిక్కకి తల ఆనిస్తుంది. ఇవాళ మోకాలికి పైన ఆనిస్తోంది. గచ్చు మీద గోళ్ళ చప్పుడు లేదు. వంగి చూస్తే దాని పాదాల కిందనుంచి అవతల గోడవారన పెట్టిన చీపురు కనబడుతోంది.

నేను కంగారు పడను. పండగ పూట కంగారు పడే తీరిక నాకెక్కడిది? కోడికూర ఉడుకుతోంది, పలావుకి బియ్యం నానుతున్నాయి, గులాబీ పువ్వులు ఇంకొక వాయి వేయాలి. పిండిలో ముంచిన అచ్చుని నూనెలో దించుతూ ఆలోచిస్తాను. నిన్న వేసేటప్పుడు విరిగిన పువ్వులన్నీ జున్నుకే పెట్టాను. ఊరికే పడేయలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, నా బంగారం అంటూ, ఊది చల్లార్చి మరీ పెట్టాను.

ఇప్పుడు ఇంకో ముక్క పెట్టి చూస్తాను. తోక ఊపుతూ తింటుంది. నాలుగు వేళ్ళ ఎత్తు లేస్తుంది.

సంగతి అదన్నమాట. ప్రేమగా పెట్టిన ప్రతి ముద్దకీ ఇది తేలికవుతోంది. మా పిల్లి దొరసాని మాత్రం ఎప్పటిలాగే నేల మీద ఉంది. దానికి ఎవరూ ఏమీ పెట్టరు. కావలసింది అదే దొంగిలించి తింటుంది.

దండెం తాడు విప్పి ఒక కొస జున్ను మెడపట్టీకి, రెండో కొస నా మణికట్టుకి ముడి వేస్తాను. ఇవాళ్టికి దీనికెవరూ ఏమీ పెట్టకుండా చూస్తే చాలు. తిన్నది అరిగి, సాయంత్రానికి మళ్ళీ నేల మీదకి దిగుతుంది. ఈ ఇంట్లో ఉండేది నేనూ, ఇదీ, ఆ దొంగపిల్లీ. జున్ను పోతే నేను తట్టుకోలేను. ఆ మాట ఎవరితోనూ అనలేదు గానీ, నిజం.

మొదట మందేశ్వరి వస్తుంది. బడిలో నా పక్క బల్ల ఆవిడది. నేను కుట్లూ అల్లికలూ నేర్పుతాను, ఆవిడ లెక్కలు చెబుతుంది. తరవాత పక్కింటి జిలానీ గారు సేమ్యా గిన్నెతో వస్తారు. ఆఖరున స్టెల్లా. చిన్నప్పటి నుంచీ చర్చి పాటల గుంపులో నా పక్కనే నిలబడి, నా గొంతు ఎవరికీ వినపడకుండా పాడే మనిషి. ముగ్గురూ జున్నుని చూస్తారు. అప్పటికి అది బల్ల ఎత్తుకి వచ్చింది.

“ఈ యేడు మనతో పాటే కూచుంటదన్నమాట,” అంటుంది మందేశ్వరి.

“దానికి మాత్రం ఎవరూ ఏమీ పెట్టొద్దు. మీకు దణ్ణం పెడతాను,” అంటాను. తాడు చూపించి సంగతంతా విడమరిచి చెబుతాను.

ముగ్గురూ శ్రద్ధగా విని, తలలూపి, చేతులు కడుక్కుని కూర్చుంటారు.

నేను పలావు వడ్డిస్తాను. జున్ను కంచాలకి ఎదురుగా గాలిలో నిలబడి, ఒక్కొక్కరి ముద్దనీ కంచం నుంచి నోటిదాకా కళ్ళతో సాగనంపుతుంది. అరవదు. అడగదు. అడిగితే కసురుకోవచ్చు. అడగని కుక్కతో ఎవరు వేగగలరు?

మందేశ్వరి ముద్ద నోటిదాకా వెళ్ళి వెనక్కి వస్తుంది.

“మందేశ్వరీ!” అంటాను.

“ఎదురుగా గుటకలేత్తా చూత్తుంటే నాకెలా దిగుద్దే? కొంచెవే. గోరంత.”

ఆ గోరంతలో తొడ ముక్క ఉంది. జున్ను మా తలల ఎత్తుకి లేస్తుంది.

నేను జిలానీ గారి వంక చూస్తాను. పెద్దమనిషి, మాట తప్పరని నా నమ్మకం. ఆయన చెయ్యి అప్పటికే పైకెత్తి ఉంది. ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టు ఆయనా దాని వంక చూస్తారు.

“రూతమ్మగారూ, కిందనుంచి అడిగితే కాదనొచ్చండి. పైనుంచి చూత్తుంటే ఎలా కాదంటామండీ?”

తింటున్న మనిషిని కసరడం నాకు చేతకాదు. అయినా నోరు తెరుస్తాను. “ఇంకొంచెం వేయించుకోండి,” అన్న మాట బయటికి వస్తుంది. మళ్ళీ తెరుస్తాను. “మొహమాటపడకండి,” అంటుంది నా నోరు. ఇక వాళ్ళకి అడ్డేముంది? స్టెల్లా కేకు ముక్క పుచ్చుకుని కుర్చీ ఎక్కుతుంది.

“స్టెల్లా, నీకు పుణ్యముంటుంది, దిగవే.”

“నువ్వు గమ్మునుండెహే. పండగపూట దాని ఉసురు పోసుకుంటావా?”

జున్ను ఫ్యాను రెక్కల దగ్గర ఉంది. పరుగెత్తి స్విచ్చి కట్టేస్తాను. అక్కడి బూజు దాని చెవులకి అంటుకుంటుంది. పండక్కి ఇల్లంతా దులిపానని వీళ్ళతో గొప్పగా చెప్పాను. ముగ్గురూ తలెత్తి ఆ బూజు చూస్తారు. నాకు సిగ్గుగా ఉంది.

వీధి తలుపు మూసేద్దామని వెళతాను. క్రిస్మస్ నాడు చివరి మనిషి తిని చెయ్యి కడిగేదాకా మా ఇంట తలుపు మూయరు. మా అమ్మ మూయలేదు, వాళ్ళమ్మా మూయలేదు. పైగా, వచ్చేవాళ్ళెవరూ తల వంచుకోకూడదని ఆ ఒక్క రోజూ తలుపు తనంతట తాను ఎత్తు పెరుగుతుంది. ఇప్పటికే ద్వారబంధం కప్పుని తాకుతోంది. రెక్క తోస్తాను. కదలదు. లోపల ముగ్గురూ ఇంకా తింటున్నారు మరి.

జున్ను నా తల మీదుగా బయటికి తేలుతుంది. తాడు బిగియగానే ఆగి, నా వైపు తిరుగుతుంది. బల్ల దగ్గర అందరూ పెట్టారు, నేను తప్ప. ఆ చూపు నాకు తెలుసు. నా చేతిలో అరిసె ముక్క ఉంది. ఎప్పుడు తీసుకున్నానో తెలియదు.

“వద్దమ్మా,” అంటాను, విసురుతూ.

ముక్క పట్టుకోవడంలో అది ఎప్పుడూ గురి తప్పదు. చటుక్కున అందుకుని, పిట్టగోడ దాటి, మేడ మీద కట్టిన కాగితపు నక్షత్రం ఎత్తుకి వెళుతుంది. మణికట్టు దగ్గర తాడు కోసుకుంటోంది. అప్పుడు ఒక ఆలోచన తడుతుంది. అది తిని తేలింది కదా, నేనూ తిని తేలితే సరి. పొద్దున్నించి నేను ఏమీ తినలేదు.

“నాకు పెట్టండి,” అని కేక వేస్తాను. “మీ చేత్తో పెట్టండి, ప్రేమగా.”

ముగ్గురూ కంచాలతో గడప దగ్గరికి పరుగెత్తుకొస్తారు. ఎంత సంతోషమో వాళ్ళకి. మందేశ్వరి పలావు ముద్ద కలిపి పెడుతుంది. జిలానీ గారు ఎముకలు తీసి ముక్క అందిస్తారు. స్టెల్లా నా మూతి తుడుస్తుంది. నేను కళ్ళు మూసుకుని మింగుతాను, లేవడం కోసం ఎదురు చూస్తాను. మడమల కింద గడప మెత్తబడుతుంది. కళ్ళు తెరిచేసరికి మడమలు అందులో దిగిపోయి ఉన్నాయి, వేళ్ళు మాత్రం పైన ఉన్నాయి.

“ఇదేమిటే, నేను కిందికి పోతున్నాను?”

స్టెల్లా వంగి నా కాళ్ళు చూస్తుంది. “నీ వంట నీకే పెడితే అది పెట్టినట్టెలా అవుద్దే? నీ బరువు నీకొచ్చేసింది, అంతే.”

“అయితే ఆపండి.”

“మజ్జిగన్నం తినకుండానా?” అంటుంది మందేశ్వరి. నొచ్చుకున్నట్టుంది. ఆ మొహం చూడలేక నోరు తెరుస్తాను.

మజ్జిగన్నంతో మడమలు గడప రాయిలో పూర్తిగా బిగుసుకుంటాయి. పైన జున్ను లాగుతోంది. ఇక నేను సాగడం మొదలుపెడతాను. ముందు చెయ్యి, తరవాత మెడ, తరవాత నడుము, అరిసెల పాకం తీగ సాగినట్టు. నొప్పి లేదు.

“తాడు ఒదిలెయ్ రూతూ,” అని కింద స్టెల్లా ఏడుస్తోంది. “నీకు దణ్ణవెడతాను, ఒదిలెయ్.”

“వదలను,” అంటాను. నా తల పిట్టగోడ దాటుతుంది, నీళ్ళ ట్యాంకు దాటుతుంది. జగన్నాథపురం వంతెన కనబడుతుంది, దాని కింద ఉప్పుటేరు, పడవలు, పల్చటి మంచు. మా వీధి గీతలా ఉంది.

జున్ను ఇప్పుడు నాకు బెత్తెడు దూరంలో ఉంది. పేరు పెట్టి పిలుస్తాను. చూడదు. ఈడ్చే కాలు ఇక్కడ ఈడ్వడం లేదు. నాలుగు కాళ్ళతో గాలిలో పరుగులు తీస్తోంది, చిన్నప్పుడు సముద్రపొడ్డున తీసినట్టు. దానికి కిందికి రావాలని లేదు. ఇంత దగ్గరికొచ్చి చూస్తే గానీ ఆ సంగతి నాకు తెలియలేదు. నాకు ఏడుపొస్తోంది. తాడు మాత్రం వదలలేను.

కిందనుంచి మాటలు వినబడుతున్నాయి, చిన్నగా. ఇంత ఎత్తున నా మొహం కనబడక, ఆ కాళ్ళు నావని వాళ్ళు మరిచిపోయినట్టున్నారు.

“ఎవరో వచ్చారండి,” అంటున్నారు జిలానీ గారు. “గుమ్మంలో కాళ్ళు చూడండి. పాపం, ఎంత దూరం నుంచి నడిచొచ్చారో ఏవో.”

“ముందు కాళ్ళకి నీళ్ళియ్యండి,” అంటుంది మందేశ్వరి.

గోరువెచ్చటి నీళ్ళు నా పాదాల మీద పడుతున్నాయి. ఎవరో వేళ్ళ సందులు కూడా కడిగి, కొంగుతో తుడుస్తున్నారు. లోపల కొత్తగా ఎసరు పెట్టిన చప్పుడవుతోంది. అది నా వంట కాదు. వాళ్ళు వండుతున్నారు, వచ్చిన మనిషి కోసం. ఆ అన్నం ఒక్క ముద్ద తింటే నేను తేలతాను. అది నాకు తెలుసు. కానీ నా నోరు ఇక్కడ ఉంది. వంగాలంటే ముందు తాడు విప్పుకోవాలి.

“మీ పేరేంటండీ?” అని అడుగుతోంది స్టెల్లా, నా కాళ్ళని.

“రూతు!” అని ఉన్నంత గొంతుతో అరుస్తాను. జున్ను తననే పిలిచానన్నట్టు తోక ఊపి, ఇంకో బెత్తెడు పైకి లేస్తుంది. కింద ఎవరికీ వినపడదు. వేడన్నంలో కూర కలిపి, ఊది చల్లార్చి, నా బొటనవేలి దగ్గర పెట్టి, ఒక్క ముద్ద తినండీ అని స్టెల్లా నా పాదాల్ని బతిమాలుతోంది.