పేర్లు అయ్యాక

నేను ఒక మైకును. మెడ మీద చిన్న స్విచ్చి, మూతికి ఇనుప జల్లెడ, వెనక పొడుగాటి వైరు. ఏదో ఫ్యాక్టరీలో నాలాంటి వందలమందితో పాటు పుట్టాను. మనుషులు అన్న మాటను పెద్దది చేసి పంపడమే నా పని. అది ఎప్పుడు చెప్పాలో, ఏది ముందు చెప్పాలో తేల్చే ఏర్పాటు నాలో పెట్టలేదు. ఇది సాకులా ఉందంటారా, సాకే.

మొదట నెల్లూరులో ఒక సౌండు షాపు తరఫున అద్దెకు తిరిగాను. పెళ్ళిళ్ళలో తప్పిపోయిన పిల్లల గుర్తులు చెప్పాను. ఎన్నికలప్పుడు ఒకే వారంలో మూడు పార్టీలను గెలిపించమని బతిమాలాను. తర్వాత చెరువు పక్కనున్న ఒక ఊరి భజన మందిరం వాళ్ళు నన్ను కొని, గంధం పూసి, బొట్టు పెట్టి తీసుకెళ్ళారు. అమ్మయ్య, ఇక నా జన్మ తరించినట్టేననుకున్నాను. అక్కడ రోజూ సాయంత్రం సుదర్శనం మాస్టారు నన్ను పట్టుకుని ప్రవచనం చెప్పేవారు. హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి, మంచి గొంతు. ఆపదలో ఉన్నవాడి రూపంలోనే దేవుడు వస్తాడని ఆయన అన్నప్పుడల్లా అందరికంటే ముందు నేనే పులకించేవాణ్ణి. జనం తలలూపుతుంటే అందులో సగం నా గొప్పేనని కూడా అనుకునేవాణ్ణి. సిగ్గులేని బతుకు.

ఆ ఏడు కార్తీకంలో ఐదు రోజులు విడవకుండా వాన కురిసింది. అయినా పౌర్ణమినాటి సామూహిక వ్రతం ఆపలేదు. వ్రతంలో కూర్చున్న ప్రతి కుటుంబం గోత్రం, పేర్లు మైకులో చదవాలి. దాని మీద ఆ ఊరివాళ్ళకున్న పట్టింపు అంతా ఇంతా కాదు. కిందటేడు ఒక ఇంటిపేరు పొరపాటున జారిపోతే ఆ ఇంటివాళ్ళు ఆరు నెలలు మందిరం గడప తొక్కలేదు. అందుకని మాస్టారు కళ్ళజోడు సర్దుకుంటూ ఒక్కో పేరూ నిదానంగా చదువుతున్నారు.

మధ్యాహ్నం మూడింటప్పుడు తలారి పెంచలయ్య తడిసి ముద్దయి పరుగెత్తుకొచ్చి, మండలాఫీసు వాళ్ళిచ్చిన చీటీ ఆయన చేతిలో పెట్టాడు. చెరువు కట్ట జారుతోందనీ, కట్ట కింది కాలనీవాళ్ళు వెంటనే బడి దగ్గరికి చేరాలని మైకులో చెప్పమనీ అందులో ఉంది. మాస్టారు లోపల చదువుకున్నారు. ఇంకా ముప్పై ఏడు పేర్లున్నాయి. పీటల మీదివాళ్ళంతా ఆయన నోటివంకే చూస్తున్నారు.

ఆయన నా మూతికి చెయ్యి అడ్డం పెట్టి, "ఈ పేర్లు అయ్యాక చదువుతాన్లే పెంచలయ్యా" అన్నారు. చీటీని జాబితా అడుగుకు తోశారు.

పెంచలయ్య వానలో కాలనీ వైపు పరుగెత్తాడు. నేను గోత్రాలు పలుకుతూనే ఉన్నాను. ఎవరైనా నా వైరు పీకేసి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు మాత్రం ఒక్క అక్షరం మింగకుండా పలుకుతున్నానని మురిసిపోతున్నాను.

పేర్లు పూర్తవకముందే కట్ట తెగింది. పెంచలయ్య ఇంటింటి తలుపూ కొట్టి అందర్నీ పైకి తోలాడు. చివరి ఇంటికి మాత్రం చేరలేకపోయాడు. ఆ ఇంట్లో మంచాన పడి ఉన్న అంకమ్మ నీళ్ళలో పోయింది. ఆమె కూతురు రవణమ్మ ఆ వేళ మెరక చేలో నిలిచిన నీళ్ళు బయటికి తీస్తోంది.

విచారణకు వచ్చిన అధికారులతో మందిరం పెద్దలు, చీటీ ఆలస్యంగా అందిందని చెప్పారు. పక్కనే ఉన్న మాస్టారు అవుననలేదు, కాదనలేదు. పెంచలయ్యను పనిలోంచి నిలిపేశారు. పీటల మీదివాళ్ళు ఏదో చీటీ రావడమే చూశారు. అందులో ఏముందో, అది ఎందుకు ఆగిందో తెలిసినవాళ్ళం ముగ్గురమే. ఒకాయన నోరు మెదపలేదు, ఒకడి మాట ఎవరూ నమ్మలేదు, నాకు సొంత నోరు లేదు.

అంకమ్మ పెద్దకర్మ నాడు మాస్టారు లౌడుస్పీకరు హారను కట్టిన ఆటోలో నన్ను కాలనీకి తీసుకెళ్ళారు, సంతాపం చెప్పడానికి. నేను లేకుండా మాట్లాడటం ఆయనకు ఎప్పుడో మరపొచ్చింది. ఆయన గొంతు సవరించుకోగానే రవణమ్మ లేచి వచ్చింది.

"మైకొద్దు అయ్యోరా. నాకు చెప్పాలనుకుండేది నాకే చెప్పండి. ఆ పొద్దు చేలో నాకు పేర్లు ఇనపడతానే ఉండాయి. కట్టకేమన్నా అయితే పేర్లెందుకు చదవతారులే అనుకోని నిమ్మళంగా ఉండిపోయినా."

మాస్టారు నా స్విచ్చి ఆపేశారు. ఆపేసినంత మాత్రాన నాకు వినపడకుండా పోదు. ఆయన ఆమె ఎదుట నేల మీద కూర్చుని, చీటీ మూడింటికే వచ్చిందనీ, పెంచలయ్య తప్పేమీ లేదనీ చెప్పారు. "పీటల మీదివాళ్ళేమనుకుంటారోనని చదవలేదమ్మా" అన్నారు. అన్ని ప్రవచనాలు చెప్పిన గొంతు అదేనా అనిపించింది.

రవణమ్మ తిట్టలేదు. ఆటో అతన్ని పిలిచి హారను ఊరివైపు తిప్పమంది. నన్ను తీసి మాస్టారి చేతికిచ్చింది.

"ఇప్పుడు చెప్పండి మైకులో."

ఆయన చెప్పారు. రెండుచోట్ల ఆగి, మళ్ళీ మొదలుపెట్టి చివరిదాకా చెప్పారు. నా జన్మకు తగిన పని ఇన్నాళ్ళకు దొరికిందని సంతోషించబోయి, అది ఎవరి ప్రాణం పోయాక దొరికిందో గుర్తొచ్చి ఆగిపోయాను.

జనం మధ్య కూర్చున్న పెంచలయ్య తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మాస్టారు రెండో చేత్తో కళ్ళు కప్పుకున్నారు. నాకు అడ్డం పెట్టుకోవడానికి ఏమీ లేదు.