ఓపెన్‌జీఎల్ ఎద్దులు

ముఖానికి తువాలు బిగించుకుని యలమంద కంప్యూటర్ పొట్ట విప్పాడు. కింద మిర్చి కొట్టు, పైన ఆఫీసు. రోజూ పొద్దున్నే రంగుల కుంచెతో లోపలి కారం దులపకపోతే ఫ్యాను తిరగదు. కంప్యూటర్లకు కూడా తుమ్ములొచ్చే ఆఫీసు గుంటూరు మొత్తంలో ఇదొక్కటే.

అది 2002. యలమందకు ముప్పై ఆరేళ్ళు. బక్కపలచటి ఒళ్ళు, మౌసు నొక్కీ నొక్కీ కాస్త వంకర తిరిగిన చూపుడువేలు. దర్శి దగ్గరి పల్లె నుంచి డిప్లమో చేసి వచ్చి, ఏళ్ళ తరబడి పెళ్ళి శుభలేఖలు టైపు కొట్టి, ఇక్కడ తేలాడు. ఏ ఫొటోలోనూ ముందు వరసలో నిలబడ్డ మనిషి కాదు. రెండేళ్ళుగా మాత్రం ఒకే పని మీద ఉన్నాడు: బండలాగుడు పందెం గేమ్. లాగే ఎద్దు గిట్ట నేలలో దిగబడే తీరుకే మూణ్ణెల్లు పట్టింది.

తెరమీద బొమ్మ వెయ్యమని గ్రాఫిక్స్ కార్డుకు చెప్పడానికి దారులు రెండు. యలమంద పట్టుకున్నది ఓపెన్‌జీఎల్. విండోసులోనూ, లైనక్సులోనూ నడుస్తుంది. రెండోది డైరెక్ట్ త్రీడీ; విండోసు దాటి రాదు గానీ, నెట్ సెంటర్లలోని చవక కార్డుల మీద అదే సాఫీగా ఆడుతుంది. ఆ సంగతి యలమందే ఒప్పుకుంటాడు. యజమాని మేనకోడలు ఉదయశ్రీ హైదరాబాదులో కోర్సు చేసొచ్చి, గేమ్‌లో ఒక ముక్కను డైరెక్ట్ త్రీడీలో చేసింది. ఇవాళ రెంటిలో ఒకటే ఉంచుతారు. ఓడితే యలమంద రెండేళ్ళ రాత చెత్తబుట్టకే.

పదింటికి యజమాని భావనారాయణ కింది మిర్చి కొట్లోంచి మెట్లెక్కి వచ్చాడు. వెనక మిర్చి అమ్మవచ్చిన అంకమ్మరావనే రైతు, కాలక్షేపానికి.

"ఏమయ్యా యలమందా, పెట్టు రెండూ పక్కపక్కన."

యలమంద మానిటరు పాతది, వెలిసిన చీరలా ఉంటుంది. ఉదయశ్రీది నిన్న విప్పిన కొత్తది. భావనారాయణ మిర్చి టిక్కీ బస్తా ముందు వంగినట్టే వంగి కళ్ళు చిట్లించాడు.

"ఇది తెల్లబారిన తాలుకాయ. అదీ సరుకంటే! మట్టి ఎంత ఎర్రగా ఉందో. డైరెక్టుదే ఖాయం."

"అది మానిటరు రంగండి. నడక చూడండి, ఎక్కడెక్కడ ఆడుతుందో చూడండి."

"నిజమే మావయ్యా, రంగుకీ దీనికీ..." అంది ఉదయశ్రీ.

"నువ్వుండమ్మా. ముప్పై ఏళ్ళుగా ఎరుపు చూసి ధర కట్టే కన్నిది. నాకు నేర్పుతారా?" అని టీకి దిగిపోయాడు.

యలమందకు అరికాలి మంట నెత్తికెక్కింది. కారణం చెప్పి మార్చమంటే ఆ పూటే మొదలెట్టేవాడు. రంగు చూసి పారెయ్యమంటే? ఎద్దును కొనేవాడు కూడా పళ్ళు చూస్తాడు, గిట్టలు చూస్తాడు. బల్ల వెనక్కి దూరి రెండు మానిటర్ల వైర్లూ తారుమారు చేశాడు. ఉదయశ్రీ నవ్వాపుకుంటూ చున్నీతో నోరు మూసుకుంది.

భావనారాయణ తిరిగొచ్చి కొత్త తెర మీద వేలు ఆనించాడు. "చూశావా అంకమ్మరావూ! డైరెక్టంటే ఇదీ. ఆ ఎద్దు కండ చూడు."

"అది నాదండి. వైర్లు మార్చాను."

అంకమ్మరావు పగలబడి నవ్వాడు. "ఏందయ్యా భావనారాయణా, మిర్చి యార్డులో మా సరుకు కూడా ఇట్టాగే చూస్తన్నావా?"

ఆ నవ్వుతో అయిపోయింది. భావనారాయణ మొహం నల్లబడింది. "నన్నే ఆడిస్తావంట్రా? డైరెక్టే! ఆ పాతది నా కంటబడకూడదు."

"ఒక్క కారణం చెప్పండి, నా చేత్తో నేనే తీసేస్తా."

"నేను చెప్పా. అదే కారణం."

యలమంద కుర్చీ ఉదయశ్రీ బల్ల దగ్గరికి లాక్కున్నాడు. సాయంత్రం దాకా కూర్చుని, ఎక్కడ ఏం రాశాడో ఉదయశ్రీకి విడమరిచాడు. గిట్ట దిగబడే లెక్క ఏ దారిలోనైనా పనికొస్తుందనీ, దాన్ని మాత్రం పారెయ్యొద్దనీ రెండుసార్లు చెప్పాడు.

"రేపొస్తారుగా యలమంద గారూ?"

"చూద్దాంలే అమ్మా."

నల్లపాడులో ఇంటి వైపు సైకిలు తొక్కుకుంటూ పోయాడు. మర్నాడు రాలేదు. ఆ పైవారమూ రాలేదు.

చప్పుడు రికార్డు చెయ్యడానికి ఊరినుంచి తెచ్చిన ఎద్దు మువ్వల పట్టీ అతని కుర్చీకి వేలాడుతూనే ఉంది. కింద లారీలోకి టిక్కీ పడ్డప్పుడల్లా సన్నగా ఘల్లుమంటుంది.