నాజూకైన జబ్బు

“నీకు నడుం ఉందని ఇన్నాళ్ళకు తెలిసింది,” అన్నాడు మా ఆయన, ఆయన లంచ్ బాక్సులో నేను కూర సర్దుతుండగా.

అప్పటికి నేను ముక్కుకి తువ్వాలు కట్టుకుని ఉన్నాను. ఉల్లిపాయలు వేగే వాసన తగిలితే చాలు, కడుపులో ఏమీ లేకపోయినా అంతా నోటి దాకా వస్తోంది. ఒక చేత్తో గట్టు పట్టుకుని, ఇంకో చేత్తో వండాను. ఆ తువ్వాలు ఆయనకు కనబడలేదు, గట్టు పట్టుకున్న చెయ్యి కనబడలేదు. డబ్బా మూత బిగించడానికి వంగితే నడుం మాత్రం కనబడింది. మెచ్చుకున్నాడు కదా, నేను సిగ్గుపడాలని కాసేపు నిలబడి చూశాడు. నేను సిగ్గుపడే ఓపిక కూడా లేక డబ్బా చేతికిచ్చి పంపేశాను.

నాకు హెపటైటిస్ సి. కాలేయంలో చేరి చప్పుడు లేకుండా కాపురం పెట్టే వైరస్. రోజూ పొద్దున్నే ఒక మాత్ర వేసుకోవాలి, కోర్సు పూర్తయ్యేదాకా ఒక్క పూట కూడా మానకూడదు. డాక్టరుగారు గట్టి గొంతున్న ఆవిడ, వచ్చిన వాళ్ళని తిట్టినట్టే మాట్లాడుతుంది గాని ప్రతి మాటా మనకోసమే. “తగ్గిపోతుందమ్మా, బెంగపడకు. కాని ఆకలి చచ్చిపోతుంది, నీరసం వస్తుంది. పళ్ళెం నిండా పెట్టుకుని దానితో కుస్తీ పట్టకు. గంటకో ముద్దయినా ఫరవాలేదు, కొంచెం కొంచెం తిను. వేడివేడివి వాసనొస్తాయి, చల్లారాక తిను. పగలు కాసేపు పడుకో” అంది. పగలు పడుకోవడం అనేసరికి నాకు నవ్వొచ్చింది. ఎక్కడ పడుకోను, నేను పనిచేసే బట్టల షాపు కౌంటరు మీదా, వంటింటి గట్టు మీదా?

ఇది ఎలా వచ్చిందని ఆవిడ చాలా ప్రశ్నలు వేసింది. ఎప్పుడైనా రక్తం ఎక్కించారా, పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళావా, ఇంకొకరి బ్లేడుగాని, బ్రష్షుగాని వాడతావా. బ్లేడు మాట రాగానే నేను ఉన్నదున్నట్టు చెప్పాను. మా ఇంట్లో కొత్త బ్లేడు ఆయనది, అది మొద్దుబారాక నాది. “ఇంకా ఒకటి రెండు సార్లు పనికొస్తుంది, పారెయ్యకు, నువ్వు వాడుకో” అని బాత్రూమ్ గూట్లో నా వైపు పెట్టేవాడు. డాక్టరుగారు కళ్ళజోడు మీంచి, నా పక్కనే కూర్చున్న ఆయన్ని చూసింది. అదే కారణమని తను అనడం లేదని, చాలామందికి ఎలా వచ్చిందో ఎప్పటికీ తెలియదని, అయినా మీరు కూడా రక్తపరీక్ష చేయించుకుని తీరాలని చెప్పింది. ష్యూర్ మేడమ్ అన్నాడు మా ఆయన. ఆ ష్యూర్ ఆసుపత్రి మెట్లు కూడా దిగలేదు.

కారులో కూర్చున్నాక స్టీరింగు మీద వేళ్ళతో కొడుతూ నడిపాడు. నా గురించి దిగులు పడుతున్నాడేమో అనుకున్నాను, పిచ్చిదాన్ని. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, “ఇంకెవరికైనా చెప్పావా?” అన్నాడు. లేదన్నాను. “చెప్పకు. ఎక్కడినుంచి వచ్చిందని అడుగుతారు. నేనేం చెప్పుకోవాలి నలుగురికీ?” అన్నాడు. జబ్బు నాది, సంజాయిషీ ఆయనదట. ఇల్లు చేరేసరికి సంజాయిషీ తయారైపోయింది కూడా. అత్తయ్య తలుపు తీస్తూ ఏమన్నారు డాక్టరు అంటే, ఏం లేదమ్మా, ఒళ్ళు తగ్గమన్నారు, ఇకనుంచి డైటింగ్ అన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడంటే, నేను కూడా ఒక్క క్షణం నమ్మాను.

అప్పటినుంచి నేను జబ్బు మనిషిని కాదు, సోకుల మనిషిని. అత్తయ్యకు చేతినిండా పని దొరికింది. డాక్టరుగారు చెప్పినట్టు అందరితోపాటు పళ్ళెం ముందు కూర్చోకుండా, తర్వాత ఫ్రిజ్ దగ్గర నిలబడి అరటిపండులో సగమో, చల్లటి పెరుగు రెండు చెంచాలో తినేదాన్ని. అది ఆవిడ కంట పడింది. “నలుగురి ముందూ వద్దు వద్దంటుంది, చాటుగా ఫ్రిజ్ ఖాళీ చేస్తుంది” అని ఫోన్లో ఎవరికో చెబుతోంది, నాకు వినబడాలనే అంత గట్టిగా. చేతిలో పండు మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టేశాను. ఆ ముద్ద నోటి దాకా తెచ్చుకోవడానికి నేను ఎంతసేపు నాకు నేనే నచ్చజెప్పుకున్నానో ఆవిడకేం తెలుసు. దొంగతిండి తినాలన్నా కాస్త ఆకలి ఉండాలి కదా.

నీరసం అంటే నిద్ర రావడం అనుకుంటారు. కాదు. ఎముకల్లో తడిబట్టలు కుక్కినట్టు ఉంటుంది. చెయ్యి ఎత్తాలంటే ముందు చేతిని బతిమాలుకోవాలి. నేను ఆడవాళ్ళ రెడీమేడ్ షాపులో పనిచేస్తాను. ఇదివరకు వెనక స్టాక్ గదిలో ఉండేదాన్ని, స్టూలు మీద కూర్చుని బట్టలు సైజుల వారీగా వేరు చేసేదాన్ని. మా సూపర్‌వైజర్‌కి మెడలో కొలత టేపు ఎప్పుడూ వేలాడుతుంటుంది, అందుకని ఆవిడ లేనప్పుడు టేపు మేడమ్ అంటాం. ఒకరోజు ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, ఇంత నాజూగ్గా అయిపోయి ఈ చీకటి గదిలో ఏం చేస్తున్నావు అంది. మర్నాటినుంచి ముందు వైపు, పెద్ద అద్దం పక్కన, కొత్త డ్రెస్ తొడుక్కుని నిలబడటం నా పని. వచ్చిన ఆడవాళ్ళు నన్ను చూసి, ఇది ఇంకో రంగులో ఉందా అంటారు. జీతం పెరగలేదు, హోదా పెరిగింది. స్టూలు పోయింది.

ముందు వైపు పనిచేసేవాళ్ళు కూర్చోకూడదు. కూర్చుంటే డ్రెస్ నలుగుతుంది, షాపు పాడుబడినట్టు కనిపిస్తుంది. ఒక మధ్యాహ్నం అద్దంలో నా మొహం మసకబారుతుంటే వెళ్ళి స్టూలు అడిగాను. ఏమైందంది టేపు మేడమ్. చెప్పేస్తే ఇచ్చేదేమో. నేనేం చెప్పుకోవాలి నలుగురికీ అన్న మా ఆయన గొంతు అడ్డొచ్చి, కాళ్ళు నొప్పులన్నాను. ఆవిడ నవ్వింది. ఈ బరువుకి కాళ్ళు నొప్పులేమిటి, లావుగా ఉన్న మేమే నిలబడుతున్నాం కదా అంది. ట్రయల్ రూములోకి వెళ్ళి గడియ వేసుకుని, నేలమీద కూర్చుని, తలుపుకి నుదురు ఆనించాను. బయట ఎవరో తలుపు తడుతూ, లోపల ఇంకా ఎంతసేపు అని విసుక్కుంటున్నారు. వచ్చేశానండి అని లేచాను. నామీద నాకే అసహ్యం వేసింది. నోరుండి కూడా ఆ మనిషి అబద్ధాన్ని నేను మోస్తున్నాను, అదీ నిలబడి.

ఇంట్లో మాత్రం మా ఆయన పండగ చేసుకుంటున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో నా భుజం మీద చెయ్యేసి నలుగురిలో నడవని మనిషి, ఇప్పుడు సాయంత్రాలు షికారుకి రమ్మంటున్నాడు. రానంటే అలుగుతాడు. ఒకసారి పడుకోబోతూ, ఈ మందుల పుణ్యమా అని మళ్ళీ పెళ్ళినాటిలా తయారయ్యావు, కోర్సయ్యాక కూడా ఇలాగే మెయింటైన్ చెయ్యి అన్నాడు. వేళాకోళం కాదు, మనస్ఫూర్తిగానే అన్నాడు. రక్తపరీక్ష సంగతి అడిగితే ఆఫీసులో పని ఎక్కువుంది, వచ్చే వారం అన్నాడు. సూది అంటే భయమో, వచ్చే జవాబంటే భయమో తెలియదు. ఆరోగ్యంగా ఉన్నప్పటికంటే కుళ్ళుతున్నప్పుడే నేను నచ్చానంటే, అలాంటి మనిషి మీద కోపం కూడా దండగ. రోత పుట్టింది, అంతే.

మా వదిన, అంటే ఆయన అక్క, పెళ్ళై ఇరవై అయిదేళ్ళైందని భోజనానికి పిలిచింది. బంధువులంతా వచ్చారు. నడుం దగ్గర బిగుతుగా ఉండే డ్రెస్ ఆయనే ఎంచాడు. వెళ్ళిన దగ్గర్నుంచీ నన్ను ఒకరి దగ్గర్నుంచి ఒకరి దగ్గరికి తిప్పుతున్నాడు, కొత్తగా కొన్న కారుని చూపించినట్టు. గోడ పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. కూర్చుంటానంటే, కాసేపాగు, ఫొటోలున్నాయి, డ్రెస్ ముడతలు పడుతుంది అన్నాడు. షాపులో టేపు మేడమ్, ఇక్కడ ఈయన.

వదిన నలుగురైదుగురు ఆడవాళ్ళని వెంటేసుకుని వచ్చి, నా నడుం చుట్టూ రెండు చేతులూ పెట్టి కొలిచింది. “ఏమే మరదలా, ఏం చేస్తున్నావో మాకూ చెప్పవే. రహస్యంగా ఉంచుకుంటే ఎలా?”

నేను నోరు తెరిచేలోగా ఆయనే అందుకున్నాడు. ఏం లేదక్కా, నోరు కట్టుకోవడమే, కాస్త పట్టుదల ఉండాలి, నేనే దగ్గరుండి చూసుకుంటున్నా అన్నాడు. దగ్గరుండి అనే మాట దగ్గర నాకు గట్టిగా నవ్వాలనిపించింది. వాళ్ళు ఆయన్ని మెచ్చుకున్నారు. ఇలాంటి మొగుడు ఉంటే మేమూ తగ్గేవాళ్ళం అంది ఒకావిడ.

వదిన కూతురు, కాలేజీ పిల్ల, నా మోచెయ్యి పట్టుకుని చెవిలో చెప్పింది. “అత్తా, నేనూ మొదలుపెట్టా. నిన్నటినుంచి నీళ్ళు తప్ప ఏమీ తీసుకోలేదు. నీలాగే అవుతా చూడు.” ఆ పిల్ల పెదాలు ఎండిపోయి ఉన్నాయి. కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి, ఏదో గెలిచినట్టు.

నేను వెళ్ళి ఆ గోడ పక్క కుర్చీలో కూర్చున్నాను. ఆయన కళ్ళతోనే లేవమన్నాడు. లేవలేదు. ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకున్నాను. ముందు ఏదైనా తిని రా, ఆ తర్వాత నన్ను చూసి నేర్చుకుందువుగాని అన్నాను. వదిన ఏమైందే అంది.

“నేను డైటింగ్ చెయ్యడం లేదు వదినా. నాకు హెపటైటిస్ సి. మందులు వాడుతున్నాను, తగ్గిపోతుంది. తిండి సహించక ఇలా అయ్యాను. నాలాగ అవ్వాలని మీ అమ్మాయి నిన్నటినుంచి పస్తుంటోంది.”

నా నడుం కొలిచిన వదిన చేతులు ఏం చెయ్యాలో తెలియక ఒకదాన్నొకటి తుడుచుకున్నాయి. అయ్యో, అది ఎలా వస్తుందే అంది ఒకావిడ, ఒకడుగు వెనక్కి వేసి. నేను ఎదురుచూస్తున్న ప్రశ్న అదే. ఇన్నాళ్ళూ ఆయన భయపడ్డ ప్రశ్న కూడా అదే.

“రక్తం వల్ల వస్తుంది. ఇంకొకరు వాడిన బ్లేడు వల్ల కూడా రావచ్చట. నేను మీ తమ్ముడు వాడి పక్కన పెట్టిన బ్లేడ్లు వాడతాను వదినా. ఆయన్ని కూడా పరీక్ష చేయించుకోమన్నారు డాక్టరుగారు. ఆయనింకా చేయించుకోలేదు.”

అందరి కళ్ళూ ఆయన వైపు తిరిగాయి. ఇన్నాళ్ళూ నన్ను ఎగాదిగా చూసినట్టే ఇప్పుడు ఆయన్ని చూస్తున్నారు, మొహం రంగు, కళ్ళ కింద, పొట్ట. ఆయన రెండడుగులు వేసి, నా మీదికి వంగి, పళ్ళ మధ్యనుంచి అన్నాడు.

“లే. ఇంటికెళ్ళి మాట్లాడదాం.”

“ఇక్కడే మాట్లాడండి,” అన్నాను. “నాకు లేచే ఓపిక లేదు.”