ఫెయిర్ అనే మాటకు ఐదు అర్థాలు

నేను పొట్టిగా, లావుగా ఉండే ఇంగ్లీషు–తెలుగు నిఘంటువును. ఒక్కో మాటకు అర్థాలు, పర్యాయపదాలు, వ్యతిరేక పదాలు చెప్పడం నా వృత్తి. విజయవాడలో ఒక చిన్న ప్రెస్సులో పుట్టాను. నన్ను కూర్చిన పండితుడు చాలా ఓపిక గలవాడు. ప్రూఫులు దిద్దినాయనకు మాత్రం అదే వారం పెళ్లి. అందుకని చివరి అక్షరాల దగ్గర కొన్ని తప్పులు దొర్లాయి. ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదు. మనుషులూ ఆ పేజీల దాకా ఎప్పుడోగాని రారు.

నన్ను మొదట కొన్నది సిరిసిల్లలో పోస్టాఫీసు గుమాస్తాగా రిటైరైన నరహరిచారి. ఇంగ్లీషు పేపర్లో వచ్చే గళ్ల నుడికట్టు నింపడం ఆయన సరదా. మాట గళ్లలో ఇమిడితే తన తెలివి అనేవాడు, ఇమడకపోతే నా తప్పు అనేవాడు. ఆరేళ్లు అలా గడిచాక అల్లుడు ఆయనకో ఫోన్ కొనిచ్చాడు. "అన్ని అర్థాలు ఇండ్లనే ఉన్నయట" అంటూ నన్ను పక్కవాటాలో ఉండే స్వరూపకు ఇచ్చేశాడు.

స్వరూప బైపాస్ దగ్గరి బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుట్టేది. ఇంగ్లీషులో రెండుసార్లు తప్పి పదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. నన్ను మర్యాదగా తీసుకుంది, కళ్లకద్దుకుంది, తిన్నగా తీసుకెళ్లి ఇంట్లోని పాత కుట్టుమిషను కాలి కింద పెట్టింది. ఆ కాలు కొంచెం పొట్టి. నా మందం సరిగ్గా సరిపోయింది. పాతికవేల మాటలు కడుపులో పెట్టుకుని ఎనిమిది నెలలు ఆ మిషను ఊగకుండా చూశాను. నన్ను అంత నమ్మకంగా వాడుకున్నవాళ్లు అంతకుముందు లేరు.

ఒకనాటి సాయంత్రం ఆమె గోడ మీదుగా చారితో మాట్లాడుతుంటే విన్నాను. ఫ్యాక్టరీలో లైన్ సూపర్‌వైజర్ పోస్టు ఒకటి ఖాళీ అయింది. దానికోసం పన్నెండుమంది ఆడవాళ్ల పనిని అంచనా కట్టి, ఆ ఫారాలను నోటీసు బోర్డు మీద పెట్టారు. స్వరూప పేరు ఎదురుగా 'ఫెయిర్' అని ఉంది. పక్క మిషను మీద కుట్టే యాదమ్మ అది చూసి, "నువ్వు తెల్లగున్నవని రాసిండ్రే స్వరూపా" అందట. అందరూ నవ్వారట. స్వరూప నల్లని మనిషి. అందరితోపాటు తనూ నవ్విందట.

"అండ్ల నిజంగ ఏమున్నదో చెప్పు పంతులూ" అంది.

చారి ఫోన్ తీసి కళ్లకు దగ్గరగా, దూరంగా పెట్టి చూశాడు. "ఇండ్ల ముప్పై చూపెడ్తున్నది బిడ్డా. నా కండ్లకు ఆనుతలేవు. నీ దగ్గర బుక్కున్నది గద" అన్నాడు.

అలా మిషను కాలి కింది నుంచి బయటపడ్డాను. నా అట్ట మీద గుండ్రంగా గుంట పడింది. స్వరూప దుమ్ము దులిపి, వేలుపెట్టి ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ ఆ మాట దగ్గరికి వచ్చింది. పైకి చదివింది. న్యాయమైన. తెల్లని చాయ గల. మబ్బులేని. ఓ మోస్తరు. సంత, తిరునాళ్లు. పర్యాయపదాల్లో 'జస్ట్' చూసింది. వ్యతిరేక పదాల్లో 'అన్‌ఫెయిర్' పక్కనే 'డార్క్' అని ఉంది. అక్కడ ఆమె వేలు ఆగిపోయింది.

అర్థాలన్నీ వరసగా చెప్పేస్తే నా పని అయిపోయినట్టేనని అన్నాళ్లూ అనుకునేదాన్ని. ఏది ఎవరి మీద ఎలా పడుతుందో ఆలోచించలేదు. ఆ వేలు అక్కడి నుంచి కదిలేదాకా నాకు ఊపిరాడలేదు.

మర్నాడు నన్ను టిఫిన్ సంచిలో వేసుకుని ఫ్యాక్టరీకి తీసుకెళ్లింది. భోజనం గంట కొట్టగానే తినకుండా మేనేజరు గదికి వెళ్లింది. ఆయన పేరు లక్ష్మణమూర్తి, రాజమండ్రివైపు మనిషి. స్వరూప నన్ను ఆయన బల్ల మీద తెరిచి పెట్టింది.

"సార్, ఈ మాటకు ఐదు అర్థాలున్నయి. నాకు మీరిచ్చింది ఏది?"

ఆయన చదివి, "నాలుగోదండీ. ఓ మోస్తరు" అన్నాడు.

"ఏం చూసి రాసిండ్రు సార్?"

ఆయన సొరుగులోంచి ఫారాల నకళ్ల కట్ట తీశాడు.

"ఆరు నెలల్ల నా మిషను మీద కుట్టినయి ఏడు కాలర్లే వాపసొచ్చినయి. ఆల్టరేషన్ రిజిస్టర్ల ఉన్నది, తెప్పించుకోండ్రి. ఓ మోస్తరు పనైతే గట్లనే రాయండ్రి, ఒప్పుకుంట. చూడకుండ మాత్రం రాయకండ్రి."

లక్ష్మణమూర్తి ఫారాల కట్ట ముందుకు లాక్కున్నాడు. పన్నెండు ఫారాల మీదా అదే మాట, అదే టిక్కు. స్వరూప నల్లని మనిషి గనక ఆమెదొక్కటే నవ్వులాటైంది. నా వైపు చూశాడు. నాలుగో అర్థం మీదున్న ఆయన చూపు నెమ్మదిగా మొదటి అర్థం దాకా వెళ్లింది.

"మూడు రోజులు ఆగండమ్మా" అన్నాడు.

ఆ మూడు రోజులూ ఆయన కుర్చీ తెచ్చుకుని మిషన్ల మధ్యే కూర్చున్నాడు. ఎవరు ఎలా కుట్టేదీ, ఎవరు పక్కవాళ్లకు సాయపడేదీ చూసి రాసుకున్నాడు. నాలుగోరోజు కొత్త ఫారాలు బోర్డు మీదికి వచ్చాయి. స్వరూపకు 'గుడ్' వచ్చింది. సూపర్‌వైజర్ పోస్టు యాదమ్మకు వచ్చింది.

స్వరూప చాలాసేపు ఆ బోర్డు ముందే నిలబడింది. సంచిలోంచి నేను ఆమె ముఖం చూడలేకపోయాను. లక్ష్మణమూర్తి వచ్చి, "యాదమ్మగారు లైను మొత్తం పని గమనిస్తారండీ. మీరు మీ మిషను మీదినుంచి తల ఎత్తరు. అందుకని..." అని ఆగాడు.

"అది నిజమే సార్. యాదక్క నాలుగు దిక్కులు చూస్తది" అంది స్వరూప. ఇంటికి వెళ్లాక మాత్రం కాసేపు ఏడ్చింది. తరువాత ముఖం కడుక్కుని వంకాయకూర వండుకుని, రెండు ముద్దలు ఎక్కువే తింది.

వారం తిరక్కుండా యాదమ్మే ఆమె మిషను దగ్గరికి వచ్చింది. "ఆనాడు నేనన్నది తప్పే చెల్లె. గా మాట నాకు టీవీల క్రీముల యాడ్‌లనే తెలుసు. ఇంకో అర్థం ఉంటదని తెల్వది" అంది. "నీ బుక్కు గీడనే పెట్టరాదు. నాకు వచ్చే కాగితాలన్నీ ఇంగ్లీషులనే ఉంటున్నయి."

అప్పటినుంచి నా కాపురం ఫ్యాక్టరీ భోజనాల షెడ్డులో, మంచినీళ్ల ఫిల్టరు పక్క అరలో. రోజుకొకామె వచ్చి ఒక మాట వెతుకుతుంది. నా పేజీలకు పసుపు మరకలూ, మామిడికాయ తొక్కు నూనె మచ్చలూ అంటుకుంటాయి. 'లీవ్' అంటే సెలవనీ, విడిచిపోవడమనీ కూడా ఉందని తెలిసిన రోజున ఒకామె తను ఇచ్చిన లీవు చీటీ చూసి పని మానేసినట్టు అనుకున్నారేమోనని పరుగెత్తుకెళ్లింది. 'అర్జెంట్'కు వ్యతిరేకపదం మా మేనేజరుకు తెలియదని వాళ్ల అభిప్రాయం. ఇంత నవ్వు నేను ఏ లైబ్రరీ అరలోనూ వినేదాన్ని కాదు.

ఏడాది తిరిగి మళ్లీ ఫారాలు వచ్చాయి. ఈసారి స్వరూప పని గురించి రాయాల్సింది యాదమ్మ. షెడ్డులో నా పక్కనే కూర్చుని కలం పట్టుకుంది. నన్ను అందుకోబోయి, ఎందుకో చెయ్యి వెనక్కి తీసుకుంది. గ్రేడు గడిలో తెలుగులో రాసింది. అక్షరాలు గడి దాటి పక్కకు పోయాయి.

లక్ష్మణమూర్తి ఫారం చదివి, "ఇందులో గ్రేడు ఏదండీ?" అన్నాడు.

"గదే సార్ గ్రేడు" అంది యాదమ్మ.

ఆయన ఇంకోసారి చదివి సంతకం పెట్టాడు.

ఆ కాగితం భోజనం వేళకు స్వరూప చేతికొచ్చింది. అందులో ఇలా ఉంది: "కాలరు వంకర పోనియ్యది. కొత్తగ వచ్చిన పిల్లలకు కోపం లేకుండ నేర్పుతది. తప్పు చూస్తే ఎవరిదైనా ముఖం మీదనే అడుగుతది. ఇసొంటి మనిషి లైన్ల ఉంటే నాకు ధైర్యం."

స్వరూప అరకు ఆనుకుని నిలబడి, వేలు పెట్టకుండా రెండుసార్లు గబగబా చదివేసుకుంది. ఆ రోజు నన్నెవరూ తెరవలేదు.